ఏ చెలక పువ్వు ఆ వరసలో

బుగ్యాల్ శిబిరం, మున్సియారి పైన
28 ఆగస్టు 2011

అత్తమ్మకు విజ్జి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఆ ముక్క మున్సియారిలో దిగగానే ఫోన్లో అమ్మకు చెప్పేశాను కాబట్టి, ఈ ఉత్తరం అచ్చంగా నీకే. ఇక్కడ ఫోన్ పలకదు. వారానికోసారి గుర్రం మీద సరుకులు తెచ్చే ముసలాయన కిందికి పోతూ ఉత్తరాలు పట్టుకుపోతాడు. మన ఊరు చేరడానికి పదిరోజులు పడుతుందట.

వచ్చిన మూడు రోజులూ వాన, మబ్బు. హిమాలయాలు ఉన్నాయని అందరూ అనడమే గాని నాకు కనిపించింది తెల్లటి పొగ. నాలుగోనాడు పొద్దున పళ్లు తోముకుంటూ బయటికి వచ్చాను. పొగ లేదు. ఎదురుగా చూశాను, లోయ ఉంది. తల ఎత్తాను, మబ్బులున్నాయి. ఇంకా ఎత్తితే తెలిసింది అవి మబ్బులు కావని. పంచచూలి! ఐదు శిఖరాలు. ఆకాశం ఉండాల్సిన చోట మంచు ఉంది అత్తమ్మా. నోట్లో నురగతో అట్లాగే నిలబడిపోయాను. ఎందుకో ఏడుపొచ్చింది. నువ్వు ఇరవై ఎనిమిదేళ్లుగా బడిలో పిల్లలకు బొమ్మలో చూపిస్తూ వచ్చావు గాని, ఆ బొమ్మ గీసినవాడు మనల్ని మోసం చేశాడు. అందులో నూరో వంతు కూడా లేదు.

బుగ్యాల్ అంటే ఇక్కడి మాటలో కొండ మీది గడ్డిమైదానం. శిబిరమంటే రెండు రాతి గదులు, ఒక కట్టెల కొట్టు, వానను, చలిని కొలిచే పరికరాలు. అన్నిటికీ పెద్ద రావత్ మేడం. కొండ వేడెక్కుతుంటే పూలు ఏమవుతాయో చూద్దామని ఎనిమిదేళ్ల కింద ఒక్కతే వచ్చి లెక్క మొదలుపెట్టిందట. ఈ లెక్కలు ఎప్పటికైనా ఈ కొండ కింది ఆడపిల్లల చేతికే రావాలని ఆమె పట్టుదల. శనివారాలు ఊరి పిల్లలు పైకి వచ్చి నేర్చుకోవాలి. వస్తున్నది మాత్రం కలావతి ఒక్కతే, పదిహేడేళ్లది. మిగతావాళ్లను రప్పించే పని నాకు అప్పజెప్పింది.

మేడం కింద పని నేర్చుకునే ఈ ఆరు నెలలూ బాగా చేస్తే రెండేళ్ల ఉద్యోగం ఇస్తానంది. అత్తమ్మా, నాకు అది కావాలి. ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు. నాయినతో ఇప్పుడే అనకు. ఆయన ఆరు నెలలకే ఒప్పుకున్నాడు, అదీ నువ్వు పూచీ పడ్డావని.

నీ
విజయశ్రీ


దిల్‌సుఖ్‌నగర్
22 సెప్టెంబరు 2011

చి॥ విజ్జికి, అత్తమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి స్టాఫ్‌రూములో గట్టిగా చదువుదామంటే బడే లేదు. సకలజనుల సమ్మె. మేమూ బయటే, మీ నాయిన బస్సూ డిపోలోనే. నా తోడబుట్టిన జానయ్య డ్రైవరు పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కూర్చోవడం కూడా రావడం లేదు పాపం, కుడికాలు ఊరికే నేలను తొక్కుతుంటుంది.

నిన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీ ఇంటికి నడిచే వచ్చాను. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఆగిపోయాను. నల్లగొండ బస్సులు, సూర్యాపేట బస్సులు, ఆటోలు అన్నీ వచ్చి పడే చోటు కదా, దాటాలంటే దేవుడికి మొక్కుకునేవాళ్లం. అక్కడ నడిమధ్యన నిలబడితే నా చెప్పుల చప్పుడు నాకు వినిపించింది. నాదర్‌గుల్‌లో పిల్లలు నేర్చుకునే చిన్న విమానం ఎక్కడో తిరుగుతుంటే దాని మోత కూడా వినబడింది. రోజూ తిరిగేదేనట. మనం ఎన్నడూ విన్నామా? లక్షలమంది ఒక్కసారి చేతులు దించేస్తే ఊరు ఇట్లా ఉంటుందన్నమాట. నీకు కొండ చూసి ఏడుపొచ్చినట్టు నాకు ఖాళీ రోడ్డు చూసి వచ్చింది.

మీ నాయిన నన్ను వదల్లేదు. "పిల్లను గుట్టలెక్కిచ్చినవ్. బీయెడ్ జేస్తె ఈడనే సార్లెక్క కూసుండి బతుకు. రేపు ఏమన్న అయితె ఎవలు జవాబు జెప్తరు?" అన్నాడు. నేనే చెబుతానన్నాను. మా తరంలో నన్ను పొమ్మన్నవాళ్లు లేరు, నిన్ను పొమ్మన్నదాన్ని నేను. నా మాట దక్కించు, అంతే.

నీ
కృష్ణకుమారి అత్త


బుగ్యాల్ శిబిరం
30 సెప్టెంబరు 2011

అత్తమ్మకు,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఇక్కడ అంతా బాగానే ఉంది. మొన్న ఇరవై ఏడున ఎంగిలిపూల బతుకమ్మ చేశాను. తొమ్మిది వరసలు పేర్చాను. కలావతీ, పశువుల కోసం పైకి వచ్చిన నలుగురు పిల్లలూ చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. బాగా జరిగింది.

చలి పెరిగింది. పని ఉంది. అమ్మకు చెప్పు.

విజ్జి


దిల్‌సుఖ్‌నగర్
10 అక్టోబరు 2011

చి॥ విజ్జికి,

పళ్లు తోముకున్న సంగతి పేజీ నిండా రాసిన పిల్లవు, బతుకమ్మ ఆడిన సంగతి నాలుగు లైన్లలో తేల్చావు. "పని ఉంది" అన్నావు. మా తొమ్మిదో తరగతి పిల్లలు హోంవర్కు చేయనినాడు అచ్చం ఇట్లాగే మాట్లాడతారు.

ముందు ఇక్కడి సంగతి. పండుగకు గునుగు పువ్వు రాలేదు, బస్సుల్లేవు కదా. మీ అమ్మ ఊరుకుంటుందా? హాస్టల్లో పొద్దుటి వంట దింపి, ఎవరిదో ట్రాక్టరు ఎక్కి పెద్ద అంబర్‌పేట్ అవతలికి పోయింది. రోడ్ల మీద రాళ్లు పెట్టారని ట్రాక్టరువాడు వెనక్కి రానన్నాడు. గునుగు మోపు నెత్తిన పెట్టుకుని నడిచే వచ్చింది. ఆ సాయంత్రం చౌరస్తా నడిమధ్యన బతుకమ్మలు పెట్టారు విజ్జీ. ఎన్నని చెప్పను? ఆడవాళ్లు ఒక చుట్టు, దాని బయట ఇంకో చుట్టు, ఆ బయట ఇంకోటి. పోలీసులు కూడా నిలబడి చూశారు. వేలమంది చప్పట్లు ఒకేసారి పడుతుంటే నా గుండె ఆ దెబ్బకే కొట్టుకుంది.

ఇప్పుడు నీ సంగతి. నేను వృక్షశాస్త్రం టీచర్ను. సెప్టెంబరు ఆఖరుకు ఆ ఎత్తులో గడ్డి ఎండిపోతుంది. తొమ్మిది వరసలకు చాలినన్ని పూలు నీకు ఎక్కడివి?

జవాబు రాయి. అబద్ధం మాత్రం రాయకు.

అత్త


బుగ్యాల్ శిబిరం
21 అక్టోబరు 2011

అత్తమ్మా,

నువ్వు అడుగుతావని నాకు తెలుసు. అడగాలనే అన్ని వరసలని రాశానేమో.

ఆ రోజు పొద్దున అమ్మ గుర్తొచ్చి ఉండబట్టలేకపోయాను. శిబిరం వెనక వాలు మీద, ఎండ ఎక్కువ తగిలే చోట, బండల మధ్య చిన్నచిన్న మడులున్నాయి. కొండంతా ఎండిపోయినా అక్కడ మాత్రం పువ్వులే. తంగేడులాగా పసుపు పచ్చనివి, గునుగులాగా తెల్లగా కాగితంలా గలగలమనేవి, వేలిగోరంత నీలం పూలు. నిలబడి చూస్తే కళ్లు చెదిరాయి. బతుకమ్మ కోసమే దాచి పెట్టినట్టున్నాయనుకున్నాను. కింది నుంచి ఎక్కుతూ తొమ్మిది మడుల్లోనూ కోశాను. మొగ్గల్ని, గడ్డి చాటున ఉన్నవాటిని వదిలేశాను, అంతే.

రెండురోజుల తరవాత, అక్టోబరు ఒకటిన చేయాల్సిన లెక్క ఏమిటో చూద్దామని రిజిస్టరు తెరిచాను. దాని పేరు 'ఆఖరి పూల లెక్క'. మంచు పడే ముందు ఏయే పూలు మిగిలాయో, ఎన్ని మిగిలాయో ఎనిమిదేళ్లుగా ఒకే తేదీన ఒకే చోట లెక్కపెడుతున్నారు. తొమ్మిది మడులు. మడి నంబర్లు బండల మీద రంగుతో రాసి ఉన్నాయి, కాకపోతే పైవైపు. నేను కింది నుంచి ఎక్కాను, చూడలేదు. ఆగస్టులో వచ్చిన నాకు ఆ లెక్క ఎవరూ చూపలేదు. అయినా అది సాకు కాదు. ఎవరినైనా అడిగి కోయాల్సింది.

ఎనిమిదేళ్ల కష్టం అత్తమ్మా. మేడం ఒక ఏడు కాలు విరిగి కూడా కర్ర పట్టుకుని వచ్చి లెక్కపెట్టిందట. నేను ఒక్క పొద్దున తెంపేశాను.

ఒకటిన మిగిలినవి మడి మడికీ లెక్కపెట్టాను. కోసినవి తెలియనప్పుడు వాటితో ఏం లాభం? రిజిస్టరులో తొమ్మిదో ఏడు పేజీ ఖాళీగా ఉంది. ఈసారి రిజిస్టరు చూసి లెక్క రాయమని నాకు అప్పజెప్పి డెహ్రాడూన్ పోయిన మేడం నవంబరు మధ్యలో వస్తుంది. పోయినేటి అంకెలు చూసి అటూ ఇటూ రెండు మార్చి రాస్తే ఎవరికీ తెలియదు. కలావతికి నేనే చెప్పాను కాబట్టి తెలుసు, కాని నోరు విప్పదు. పెన్సిల్ రోజూ చేతిలోకి తీసుకుంటున్నాను, మళ్లీ పెడుతున్నాను. రాస్తే ఉద్యోగం ఉంటుంది. రాయకపోతే ఇంటికి పంపేస్తుంది, నీ మాట పోతుంది, నాయిన గెలుస్తాడు.

నవ్వొచ్చే సంగతి ఒకటి: ఆ బతుకమ్మను నీళ్లలో కూడా వేయలేదు. ఇక్కడి ఊట దేవుడిదట, కింద ఊరంతా తాగుతుంది, పువ్వు కూడా వేయకూడదని కలావతి చెయ్యి పట్టుకుంది. పళ్లెంతో సహా కట్టెల కొట్టులో అటక మీద పెట్టాను. కట్టెలకు పోయినప్పుడల్లా అది నన్నే చూస్తున్నట్టుంటుంది.

ఇంట్లో చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

విజ్జి


దిల్‌సుఖ్‌నగర్
2 నవంబరు 2011

చి॥ విజ్జికి,

చెప్పొద్దన్నావు. చెప్పేశాను. తిట్టుకో.

నీ ఉత్తరం బడిలో అందింది, సమ్మె అయిపోయి మళ్లీ పాఠాలు మొదలయ్యాయి. చదివాక ముందు నీ మీద కోపమొచ్చింది. అడగకుండా పువ్వు కోయడమేమిటి, నా చేతుల్లో పెరిగినదానివి! తరవాత ఆ పెన్సిల్ తలుచుకుంటే భయమేసింది. సాయంత్రం మీ ఇంటికి వచ్చాను, ఊరికే కూర్చుని పోదామని. మీ అమ్మ నా మొహం చూసి, "ఏంది వదినె, పిల్లకేమన్న అయిందా?" అని చేతిలో గరిట కింద పడేసింది. ఇక దాచడం నావల్ల కాలేదు. మీ నాయిన ఉండగానే మొత్తం చదివి వినిపించాను.

మీ నాయిన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మీ అమ్మ మాత్రం, "గదేంది, బతుకమ్మ ఉన్నదా, నీళ్లల్ల ఏసిందా?" అని అడిగింది. ఉందని మళ్లీ చదివాను.

"మల్ల గింత దానికి ఏడుస్తదేంది? కింది మడి కాడికెల్లి మీదికి కోసుకుంట పోయిన్నన్నది కద. ఏ చెల్క పువ్వు ఆ వరసల్నే పెట్టుంటది. నేను నేర్పిన చెయ్యి గది. లెక్క యాడికి పోతది? అండ్లనే ఉంటది. మీది నుంచి ఒక్కొక్క వరస ఇప్పి ఎంచుకొమ్మను" అంది మీ అమ్మ.

ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పినదాన్ని, నాకు తట్టలేదు విజ్జీ. నీకూ తట్టలేదు. మూడో తరగతి చదివిన మీ అమ్మ అండాలమ్మకు ఉల్లిపాయ తరుగుతూ తట్టింది. నీకు గుర్తుందా? ఊళ్లో మీకు మూడు చోట్ల మూడు మెట్ట చెలకలుండేవి. ఒక చెలక గట్టు పూలు ఇంకో చెలక పూలతో కలిపితే మీ అమ్మ నీ చేతి మీద కొట్టేది, "ఏ చెల్కనూ చిన్నబుచ్చొద్దు" అని. నువ్వు తలతో మరిచిపోయావేమో, చెయ్యి మరిచిపోదు. ఆ రోజు మడికో వరస పేర్చావా లేదా, గుర్తు తెచ్చుకో.

అయితే ఒకటి విను. లెక్క దొరికినా దొరక్కపోయినా ముందు మేడంకు జరిగింది జరిగినట్టు చెప్పు. అటక దగ్గరికి ఆమెను తీసుకునిపోయి ఆమె ముందే విప్పు. ఇంటికి పంపిస్తే పంపించనీ. నేనే స్టేషన్‌కు వచ్చి నీ పెట్టె మోస్తాను. నా మాట పోతుందని దొంగ అంకె రాశావో, అప్పుడు నిజంగానే పోతుంది.

అత్త


బుగ్యాల్ శిబిరం
19 నవంబరు 2011

అత్తమ్మకు, అమ్మకు, నాయినకు,

ముగ్గురికీ కలిపే రాస్తున్నాను. ఇక దాచేదేం లేదు.

మీ ఉత్తరం పద్నాలుగున వచ్చింది, మేడం పదిహేనున వచ్చింది. టీ కూడా తాగనివ్వకుండా చెప్పేశాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని భయం. ఆమె చేతి గ్లవ్సు తీయబోతూ ఆగిపోయింది. బయటికి పోయి మడుల దగ్గర చాలాసేపు నిలబడింది. అప్పటికే అక్కడ మడమ లోతు మంచు. తిరిగి వచ్చి, "చూపించు" అంది.

అటక మీది నుంచి పళ్లెం దించాం. అమ్మా, ఏ పువ్వూ కుళ్లలేదు. చలికి ఎండి, రంగు అట్లాగే ఉంది. కలావతి పై వరస విప్పింది. అది తొమ్మిదో మడి. దాని కింద ఎనిమిది. మడికో వరస, ఒక్క పువ్వు కూడా అటుదిటు కాలేదు. పేర్చేటప్పుడు నేను ఏమీ ఆలోచించలేదమ్మా, ఒట్టు. నీ చెయ్యి నా చేతిలో ఉండి పేర్చింది. నాకు పంచచూలిని చూసిన పొద్దున ఎట్లా అయిందో అప్పుడూ అట్లాగే అయింది. తల ఎత్తాను, ఇంకా ఎత్తాను, అక్కడ నువ్వున్నావు.

బతుకమ్మ చుట్టూ తిరిగిన ఆ నలుగురు పిల్లలు అప్పటి నుంచి శనివారాలు మానలేదు, ఈ సంగతి నేను రాయనేలేదు. వాళ్లూ వచ్చి కూర్చున్నారు. రెండు పగళ్లు ఎంచాం. ఆ అంకెలకు ఒకటిన లెక్కపెట్టిన మిగతా పూలను కలిపాం. రెండో వరసలో కొన్ని ఎలుక కొరికేసింది. అక్కడ అంకె రాయొద్దని, 'ఎలుక తిన్నది' అనే రాయమని మేడం అంది. పేజీ పైన 'కోసిన పూలు, నాలుగు రోజులు ముందు' అని ఎర్ర సిరాతో రాయించింది.

ఏడో వరస విప్పుతుంటే కలావతి ఒక గుత్తి పట్టుకుని ఆగిపోయింది. లేత గులాబీ రంగువి, గింజలంత పూలు. "ఇది మా చేను గట్టుది. మేకలకు వేస్తాం. ఇక్కడికెట్లా వచ్చింది?" అంది. రిజిస్టరులో ఎనిమిదేళ్లూ వెతికాం, ఈ పువ్వు లేదు. ఊరు ఇక్కడికి మూడు గంటల నడక కింద ఉంది. మేడం భూతద్దం పెట్టి చూసి, ఇంకోసారి చూసింది. కింది పువ్వు కొండెక్కింది అత్తమ్మా! అంత చిన్నది, కాళ్లు లేనిది. నేను అయితే చదివిన పేర్లలో వెతికి, దొరకలేదని పక్కన పెట్టేసేదాన్ని. కలావతి చూడగానే పట్టేసింది. గొర్రెల కాళ్లకు అంటుకుని వచ్చిందో, చలి తగ్గిందని వచ్చిందో ఒక్క ఏటి పువ్వుతో చెప్పలేమంది మేడం. కాని ఆ గుత్తిని కాగితంలో మడిచి తన పుస్తకంలో పెట్టుకుంది.

లెక్కించినవారి పేర్లు రాయాల్సిన చోట నేను కలావతిని, మిగతా పిల్లల్ని రాసి, అన్నిటికన్నా పైన 'అండాలమ్మ, ఎల్బీ నగర్' అని రాశాను. ఎవరని మేడం అడిగింది. చెప్పాను. ఏం చదివిందని అడిగింది. మూడో తరగతి అన్నాను. పెన్సిల్ చెరిపి సిరాతో రాయమంది. "పేరుంటే సంతకం కూడా ఉండాలి. చోటు వదిలిపెడుతున్నాను, తెప్పించు" అంది.

నా పేరు మాత్రం రాయనివ్వలేదు. ఈ ఏడు నేను లెక్కపెట్టినదాన్ని కాదట, పూలు కోసినదాన్నట. న్యాయమే. ఉద్యోగం ఇవ్వలేదు. ఇంటికీ పంపలేదు. "వచ్చే అక్టోబరు ఒకటిన ఇవే మడుల్లో నీ చేత్తో లెక్కపెట్టు. అది చూసి చెబుతాను" అంది. అంటే ఆరు నెలలు కాదు నాయినా, ఇంకో ఏడాది ఉండాలి. నువ్వు వద్దంటే వచ్చేస్తాను. కాని ఆ గులాబీ పువ్వు మళ్లీ వస్తుందో రాదో చూడాలని నాకు ఉంది. చాలా ఉంది.

మీ
విజయశ్రీ


ఎల్బీ నగర్
1 డిసెంబరు 2011

చి॥ విజ్జికి,

మీ ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. ఉత్తరం ముందు మా పదో తరగతిలో చదివాను. అయ్యాక వెనక బెంచీ నుంచి ముగ్గురు ఆడపిల్లలు వచ్చి, అక్కడికి పోవాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని అడిగారు. వాళ్ల ఇళ్లకూ పోయి నాయినలతో తగువు పడాలి కాబోలు. పడతాను, నాకు అలవాటైంది.

తరవాత ఇక్కడ చదివాను. మీ అమ్మ పేరు వచ్చిన చోట మళ్లీ చదవమంది. మళ్లీ చదివాక, "నా పేరు గా గుట్ట మీద ఉన్నదా? మంచు వడితె తుడుసుకపోదా?" అంది. సిరాతో రాశారని చెప్పాను. "ఏమో, నాకైతె గజ్జున వణుకొస్తున్నది" అని కొంగు కప్పుకుంది. నవ్వుతోందనుకున్నాను, చూస్తే ఏడుస్తోంది. కాసేపటికి తేరుకుని, వచ్చే ఏడు తెంపకుండా ఎంచమని రాయమంది. రాశాను.

మీ నాయిన కొత్త క్యాలెండరు తెచ్చి ఉన్నాడు. లేచి అక్టోబరు పేజీ తిప్పి, ఒకటో తారీఖు చుట్టూ పెన్నుతో గీత గీశాడు. గీస్తూ, నా వైపు చూడకుండానే, "గా తారీఖు గడిచిన్నాంకనే రమ్మని రాయి. నడుమ వస్తె డ్యూటీ ఎవలు జేస్తరు?" అన్నాడు.

కింద మీ అమ్మ సంతకం. పాత కాగితం మీద పదిసార్లు నేర్చుకుని ఇక్కడ పెట్టింది. జాగ్రత్తగా కత్తిరించి మేడం వదిలిన చోట అంటించు.

అత్త

అండాలమ్మ